గాల్లోకి లేచే ఆ ఒక్క నిమిషం: సముద్రపు ఒడ్డున చిన్న విమానాలు ఎందుకు కూలుతున్నాయి?

2024 డిసెంబర్ ఆఖరి వారంలో యూఏఈలోని రస్ అల్ ఖైమాలో ఒక చిన్న విమానం బీచ్ పక్క నుంచి లేచింది. కాసేపటికే సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటల్ దగ్గర కూలిపోయింది. అందులో ఇద్దరే ఉన్నారు. ఒకరు పైలట్, పాకిస్తాన్ అమ్మాయి. రెండోవారు భారతీయ కుటుంబానికి చెందిన యువ డాక్టరు. ఇద్దరికీ 26 ఏళ్లే. ఆ అబ్బాయి ఊరు చూద్దామని సరదాగా ఎక్కాడు. అమ్మా నాన్నా తమ్ముడూ కింద నిలబడి చూస్తున్నారు. తర్వాతి రౌండు తమ్ముడు ఎక్కాల్సింది.

ఈ వార్త చదివినప్పుడు మన ఇళ్లల్లో చాలామందికి గుండె ఝల్లుమని ఉంటుంది. కొలిమిగుండ్లకీ సముద్రానికీ ఏం సంబంధం అంటారా? ఉంది. కొలిమిగుండ్ల, బనగానపల్లె, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కి పోయిన పిల్లలు ఉన్నారు. సెలవుల్లో వాళ్ల దగ్గరికి అమ్మీ అబ్బాజాన్‌లు, చెల్లెళ్లు, బావలు పోతున్నారు. పోయినోళ్లు ఊరికే ఇంట్లో కూర్చోరు కదా, బీచ్‌కి పోతారు, పడవ ఎక్కుతారు. అక్కడ "పదిహేను నిమిషాలు పైనుంచి ఊరంతా చూపిస్తాం" అని బోర్డు కనపడుతుంది. కొత్తగా పెళ్లైన జంటలైతే మాల్దీవులు పోతున్నారు. అక్కడ విమానాశ్రయం నుంచి రిసార్టుకి పోవాలంటే చాలా చోట్ల నీళ్ల మీద నుంచి లేచే సీప్లేనే దిక్కు. కాబట్టి ఈ చిన్న విమానాలు ఎట్లా లేస్తాయి, లేచేటప్పుడే ఎందుకు కూలుతాయి అన్నది మనం కొంచెమైనా తెలుసుకోవాలి.

పెద్ద విమానాల సంగతి వేరు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం లేచిన నిమిషంలోపే కూలి, అందులోని 242 మందిలో ఒక్కరే బతికాక, విమానం అంటేనే భయపడేవాళ్లు ఎక్కువయ్యారు. కానీ అట్లాంటివి అరుదు. పెద్ద విమానానికి ఇద్దరు పైలట్లు, రెండు ఇంజిన్లు, మూడు కిలోమీటర్ల సిమెంటు రన్‌వే, పక్కనే ఫైరింజన్ ఉంటాయి. ఒక ఇంజిన్ ఆగిపోయినా రెండోదాంతో పైకి పోగలిగేట్టు దాన్ని తయారు చేస్తారు. బీచ్ మీద లేచే నాలుగు సీట్ల విమానానికి మామూలుగా ఉండేది ఒక ఇంజిను, ఒక పైలటు. మిగతా అంతా ఇసుక, గాలి.

మన తెలుగువాళ్లకి చిన్న విమానం లేస్తూ కూలడం అంటే మొదట గుర్తొచ్చేది సౌందర్య. 2004 ఏప్రిల్ 17. పార్లమెంటు ఎన్నికల ప్రచారం జోరుమీదుంది. బీజేపీ తరఫున ప్రచారానికి ఆమె కరీంనగర్ రావాలి. బెంగళూరు పొద్దుగాల జక్కూరు ఏరోడ్రోమ్ నుంచి సెస్నా 180 అనే నాలుగు సీట్ల విమానం ఎక్కారు. పక్కన ఆమె అన్న అమర్‌నాథ్, ఇంకొక పార్టీ మనిషి, పైలట్. పదకొండు గంటలు దాటిన కాసేపటికి విమానం లేచింది. సరిగా వంద, నూటయాభై అడుగులైనా పోకముందే పక్కకి వాలి, దగ్గర్లోనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే ఆవరణలో పడి మంటల్లో కాలిపోయింది. నలుగురూ పోయారు. మన ఊళ్లల్లో ఆరోజు టీవీల ముందు ఎంతమంది ఆడవాళ్లు ఏడ్చారో చెప్పలేం. ఇంట్లో మనిషి పోయినట్టే ఏడ్చారు.

జక్కూరు బీచ్ కాదు, నిజమే. కానీ లేచేటప్పుడు చిన్న విమానానికి ఏం అవుతుందో అర్థం చేసుకోవడానికి అదే మన దగ్గరి ఉదాహరణ. మన జిల్లావాళ్లకి ఇంకోటి గుర్తొస్తుంది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. ఐదుగురూ చనిపోయారు. అది లేచేటప్పుడు జరిగింది కాదు. బేగంపేట నుంచి లేచి ముప్పావు గంటకి పైగా ఎగిరాక, వానమబ్బుల్లో జరిగింది. విమానం లేచేటప్పటి ప్రమాదానికీ, దారిలో మబ్బుల్లో జరిగే ప్రమాదానికీ కారణాలు వేరువేరు. జనం మాటల్లో రెండూ కలిపేస్తుంటారు కాబట్టి చెప్తున్నా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తే, విమానం లేవడం అంటే ఏంటి? రెక్కల మీదుగా గాలి వేగంగా పోతే రెక్కలు పైకి లేస్తాయి. ఆ వేగం సగానికి తగ్గితే పైకి లేపే బలం సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే వేగమే ప్రాణం. చిన్న సెస్నా నేల వదలాలంటే సుమారు గంటకి 100 కిలోమీటర్ల వేగం కావాలి. మన హైవే మీద కారు పోయే వేగమే. కానీ కారు ఆ వేగానికి చేరాక మెల్లగా తగ్గినా ఏం కాదు. విమానం నేల వదిలాక వేగం తగ్గితే రెక్క పట్టు వదిలేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు. అప్పుడు విమానం మెల్లగా దిగదు. ఒక పక్కకి ఒరిగి, ముక్కు కిందికి పెట్టి పడుతుంది. మూడు వేల అడుగుల ఎత్తులో స్టాల్ అయితే పైలట్ ముక్కు కిందికి వంచి వేగం తెచ్చుకుని సర్దుకోవచ్చు. నూరడుగుల ఎత్తులో సర్దుకోవడానికి చోటే ఉండదు. లేచిన మొదటి నిమిషం ప్రమాదం అనేది అందుకే. వేగం తక్కువ, ఎత్తు తక్కువ, ఇంజిన్ మీద పూర్తి భారం, మూడూ ఒకేసారి ఉండేది అప్పుడే.

బరువు సంగతి మనకి ఇంకా బాగా తెలుసు. కొలిమిగుండ్ల గనుల్లోంచి నాపరాళ్ల లోడు ఎత్తుకుని తాడిపత్రి వైపు పోయే లారీలను రోజూ చూస్తుంటాం. ఓవర్‌లోడు వేస్తే ఏమవుతుంది? గట్టు ఎక్కేటప్పుడు గుర్రుమంటూ నత్తలాగ పోతుంది, పట్టీలు వంగుతాయి, టైరు పేలుతుంది. అయినా ఎట్లోగట్ల ఎక్కేస్తుంది, లేకుంటే పక్కకి ఆగుతుంది. విమానానికి పక్కకి ఆగే అవకాశం లేదు.

బ్రిటన్ విమానయాన అధికారులు చిన్న విమానాల పైలట్లకి ఒక లెక్క చెప్తారు. బరువు పది శాతం పెరిగితే లేవడానికి కావాల్సిన దూరం ఇరవై శాతం పెరుగుతుంది. ఎండ పది డిగ్రీలు పెరిగితే దూరం పది శాతం పెరుగుతుంది, ఎందుకంటే వేడి గాలి పల్చగా ఉంటుంది. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ ఇంకో పది శాతం. నేల మెత్తగా ఉంటే పావు వంతు, అంతకంటే ఎక్కువే. వెనక నుంచి గాలి తోస్తుంటే, ఆ గాలి లేచే వేగంలో పదో వంతున్నా చాలు, ఇంకో ఇరవై శాతం. చూడ్డానికి ఒక్కొక్కటీ చిన్నదే. కానీ ఇవి ఒకదాని మీద ఒకటి కూడుకోవు, గుణించుకుంటాయి. వడ్డీ మీద వడ్డీలాగ.

ఒక లెక్క వేసి చూద్దాం. సెస్నా 172 అనేది ప్రపంచంలో బాగా కనపడే నాలుగు సీట్ల విమానం. దాని బరువు పరిమితి మనిషీ సామానూ పెట్రోలూ అన్నీ కలిపి సుమారు 1,157 కిలోలు. సముద్రమట్టం దగ్గర, చల్లటి రోజున, గట్టి రన్‌వే మీద అది 290 మీటర్లు పరుగెత్తి నేల వదులుతుంది. ఎదురుగా ఉన్న చెట్టంత ఎత్తు, అంటే 15 మీటర్లు దాటేసరికి దాదాపు 500 మీటర్లు పడుతుంది. ఇప్పుడు అదే విమానాన్ని బీచ్ మీద పెట్టండి. పదో వంతు బరువు ఎక్కువ, అంటే ఒక మనిషి, రెండు సూట్‌కేసులు అదనం: 600 మీటర్లు. ఇసుక మెత్తన: 750. ఎండ 35 డిగ్రీలు: 900 దాటింది. గాలి కొంచెం వెనక నుంచి, గంటకి పది కిలోమీటర్లే: దాదాపు 1,090 మీటర్లు. 500 మీటర్లు కాస్తా రెట్టింపు దాటింది. పైలట్ చేసిన పెద్ద తప్పు ఒక్కటీ లేదు చూడండి, అన్నీ చిన్న చిన్న సర్దుబాట్లే. "ఒక్కడే కదా భాయ్, ఎక్కించుకో" అన్న మాట కూడా అందులో ఒకటి.

ఎత్తు లెక్క కూడా చూద్దాం. బెంగళూరు సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తులో ఉంది. ఏప్రిల్ ఎండలో అక్కడ లేచే చిన్న విమానానికి సముద్రం ఒడ్డున చల్లటి రోజు కంటే ఒకటిన్నర రెట్లకి పైగా దూరం కావాలి. సౌందర్య ప్రమాదానికి ఇదే కారణం అని కాదు నేను అనేది. ఒకే విమానం ఒక చోట సులువుగా లేచి, ఇంకోచోట రొప్పుతూ లేస్తుందని చెప్పడానికి అంతే. మన కొలిమిగుండ్ల మే నెల ఎండలో ఏ చిన్న విమానమైనా రొప్పాల్సిందే.

బరువు వల్ల జరిగిన ఘోరాల్లో ప్రపంచమంతా చెప్పుకునేది అమెరికా గాయని ఆలియాది. 2001 ఆగస్టు 25. బహామాస్ దీవుల్లో వీడియో షూటింగు అయిపోయింది. తిరుగు ప్రయాణానికి వచ్చిన విమానం సెస్నా 402, అనుకున్నదానికంటే చిన్నది. మనుషులు ఎక్కువ, షూటింగు సామాను ఎక్కువ. అన్నీ ఎక్కించారు. మార్ష్ హార్బర్ రన్‌వే నుంచి లేచిన వెంటనే పడిపోయింది. తొమ్మిది మందీ పోయారు. తర్వాత దర్యాప్తులో తేలింది ఏమంటే, బరువు పరిమితి బాగా మించింది, పైగా ఆ బరువు వెనక్కి ఎక్కువ పడింది. వెనక బరువు ఎక్కువైతే ముక్కు దానంతట అదే పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది. పైలట్ ఎంత నొక్కినా దించలేడు. ఎద్దులబండిలో గడ్డి అంతా వెనక్కి వేస్తే కాడి పైకి లేచినట్టు. అందుకే చిన్న విమానంలో "మీరు ఇక్కడ కూర్చోండి, మీరు అక్కడ" అని చెప్తే కోపం తెచ్చుకోకూడదు. భార్యాభర్తలం విడిగా కూర్చోమా అని గొడవ చేయకూడదు. మాల్దీవుల సీప్లేన్లలో 20 కిలోల సామాను, చేతిలో 5 కిలోలు అని నిబంధన పెట్టింది కూడా డబ్బు గుంజడానికి మాత్రమే కాదు.

ఇక ఇసుక. అసలు బీచ్ మీద విమానం ఎందుకు దించుతారు అని అడగొచ్చు. చాలా దీవుల్లో ఇంకో చోటు లేదు కాబట్టి. స్కాట్లాండ్‌లో బారా అనే దీవి ఉంది. అక్కడి విమానాశ్రయమే బీచ్. మూడు రన్‌వేలు, కొయ్య గుంజలు పాతి గుర్తులు పెట్టారు. పోటు వచ్చినప్పుడు మూడూ సముద్రంలోకి పోతాయి. పోటు, ఆటు చూసుకుని టైంటేబుల్ రాసుకుంటారు. ఆస్ట్రేలియాలోని క్‌గారి దీవిలో, ఇంతకుముందు ఫ్రేజర్ ఐలండ్ అనేవాళ్లు, పొడుగాటి బీచ్ మీద కార్లు తిరిగే దారీ విమానాలు దిగే చోటూ ఒకటే. మన దేశంలో కూడా ఇట్లాంటి కథ ఉంది. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి టపా సంచులు వేసుకుని బొంబాయి జుహూలో దిగాడు. అప్పటి జుహూ అంటే సముద్రం పక్క బురద మైదానం. వానాకాలం వస్తే నీళ్లు నిండేవి, విమానాలను పూనాకి మార్చుకోవాల్సి వచ్చేది. దారిలో అహ్మదాబాద్‌లో విమానానికి పెట్రోలు ఎడ్లబండి మీద డబ్బాల్లో తెచ్చారట. జుహూ నుంచి ఆ టపాను నెవిల్ విన్సెంట్ అనే పైలట్ మద్రాసుకి తీసుకుపోయాడు, మధ్యలో రాత్రికి ఆగింది ఎక్కడో కాదు, మన పక్కనున్న బళ్లారిలో.

బీచ్‌లో అన్ని చోట్లా ఇసుక ఒకటి కాదు. నీళ్లు వెనక్కి పోయాక తడిగా, గట్టిగా ఉండే పట్టీ ఒకటి ఉంటుంది. విమానం నడవాల్సింది దాని మీదే. దానికి పైన పొడి ఇసుక ఉంటుంది, అది చక్రాన్ని లోపలికి పీలుస్తుంది. వాన పడ్డాక కోవెలకుంట్ల నల్లరేగడి చేనులోకి ట్రాక్టరు దించితే ఏమవుతుందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. విమానం పూర్తి వేగంతో పోతుండగా ముందు చక్రం మెత్తటి చోట పడితే వేగం ఒక్కసారిగా తగ్గుతుంది, ముక్కు పొడుచుకుంటుంది, ఒక్కోసారి పల్టీ కొడుతుంది. ఇంకొక చిక్కు, నిన్న సాఫుగా ఉన్న బీచ్ ఇవాళ సాఫుగా ఉండదు. ఒక వాగు వచ్చి కోసేసి ఉంటుంది. అలలు కొయ్యదుంగ తెచ్చి పడేసి ఉంటాయి. దూరం నుంచి చూస్తే అంతా ఒకే పసుపు రంగు.

బరువు ఎక్కువైన విమానాన్ని ఇసుక ఎట్లా మోయలేదో ఐర్లండ్‌లోని పోర్ట్‌మార్నక్ బీచ్ చూపించింది. 1930లో కింగ్స్‌ఫర్డ్ స్మిత్ అనే ఆస్ట్రేలియా పైలట్ అక్కడి నుంచే లేచి అట్లాంటిక్ సముద్రం దాటాడు. ఆ ధైర్యంతో 1933లో చార్లెస్ ఉల్మ్ అదే బీచ్ మీదికి విమానం తెచ్చాడు. సముద్రం దాటడానికి సరిపడా పెట్రోలు నింపుతుండగానే చక్రాల సెట్టు విరిగి విమానం ఇసుక మీద కూలబడింది. జనం లాగేలోపే పోటు వచ్చేసింది, అలలు విమానం మీదికెక్కాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏం కాలేదు. గాల్లోకి లేచాక ఆ చక్రాలు విరగలేదు కాబట్టి బతికారు.

సముద్రం టైము ఇస్తుంది, ఆ టైము పైలట్ మీద కూర్చుంటుంది. నా ఉద్దేశంలో బీచ్ ఫ్లైట్లకి ఇదే పెద్ద జబ్బు. సాయంత్రం పోటు వస్తే బీచ్ మునుగుతుంది, ఇంకో గంటలో లేవకపోతే విమానం అక్కడే పాడవుతుంది. టూరిస్టులు డబ్బు కట్టి కూర్చున్నారు. ఇట్లాంటప్పుడు గాలి బాగోలేదని చెప్పి ఆగే మనిషికి గుండె ధైర్యం కావాలి. మామూలు విమానాశ్రయంలో "ఇప్పుడు వద్దు" అని చెప్పడానికి టవర్ ఉంటుంది. బీచ్‌లో చెప్పేవాడు ఎవరూ లేరు.

సముద్రం మీది గాలి కూడా ఒక పక్క నుంచి వస్తుంది, బీచ్ మాత్రం ఒకే దిక్కుగా ఉంటుంది. రన్‌వేని గాలికి ఎదురుగా తిప్పలేం కదా. ఇంకా పక్షులు, పిల్లలు, కార్లు, గొడుగులు. ఇంజిన్‌లోకి పోయే ఇసుక. అల్యూమినియంని తినేసే ఉప్పు. ఇవన్నీ ఉన్నా, సరిగ్గా చూసుకుంటే ఏళ్ల తరబడి సురక్షితంగా నడపొచ్చని బారా దీవి చూపిస్తోంది. తేడా అంతా చూసుకోవడంలోనే ఉంది.

లేచాక ఇంజిన్ ఆగిపోయిందనుకోండి, అప్పుడు పైలట్‌కి ఉండే టైము ఎంతో తెలుసా? సెస్నా లాంటి విమానం ఇంజిన్ లేకుండా ఒక మీటరు దిగేలోపు సుమారు తొమ్మిది మీటర్లు ముందుకి పోతుంది. 60 మీటర్ల ఎత్తులో ఇంజిన్ ఆగితే చేతిలో ఉండేది పదహారు, పదిహేడు సెకన్లు. అందులో మూడు నాలుగు సెకన్లు "ఏమైంది?" అని ఆశ్చర్యపోవడానికే పోతాయి. మనిషి సహజం ఏమంటే, వెనక రన్‌వే ఉంది, తిరిగిపోదాం అనుకుంటాడు. అదే చావు మలుపు. విమానం ఒరిగి తిరిగేటప్పుడు స్టాల్ అయ్యే వేగం పెరుగుతుంది. 45 డిగ్రీలు ఒరిగితే 19 శాతం, 60 డిగ్రీలు ఒరిగితే 41 శాతం. అంటే మామూలుగా పోతుంటే నిలబడే వేగమే తిరిగేటప్పుడు చాలదు. అందుకే పైలట్ శిక్షణలో మొదటి నుంచీ నేర్పేది, ఎత్తు లేకుంటే తిరగొద్దు, ముక్కు కిందికి పెట్టి ఎదురుగా ఏముంటే దాంట్లో దిగు అని. ఎదురుగా సముద్రమైతే సముద్రంలోనే. వినడానికి పిచ్చిగా ఉంటుంది. కానీ వేగం చేతిలో ఉండి నీళ్ల మీద దిగినవాళ్లు బతికిన సందర్భాలు ఉన్నాయి, స్టాల్ అయి ముక్కు మీద పడ్డవాళ్లు బతకడం చాలా అరుదు.

2017 జనవరిలో ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో ఆగ్నెస్ వాటర్ దగ్గర ఒక చిన్న దీవి బీచ్ మీద దిగబోయిన సెస్నా 172కి ఇదే జరిగింది. దిగే ముందు ఇసుక ఎట్లుందో చూద్దామని బీచ్ మీదుగా బాగా కిందికి ఎగిరింది. అంత కింద ఇంజిన్ బలం పోయింది. పైలట్ విమానాన్ని గట్టిగా తీరం వైపు తిప్పాడు, ఇసుకలో కూలింది. ప్రయాణికుల్లో ఒకామె చనిపోయింది, మిగతా ముగ్గురు గాయపడ్డారు. దవాఖానా ఎంత దూరంలో ఉంటుందో ఊహించుకోండి. మనకి నంద్యాలకో కర్నూలుకో తీసుకుపోయేలోపు ప్రాణం పోయినవాళ్ల కథలు తెలుసు కదా, దీవి మీద అయితే అంబులెన్స్ రావడానికి రోడ్డే ఉండదు.

నీళ్ల మీద నుంచి లేచే సీప్లేన్‌లది కూడా ఇదే లెక్క. ఇసుక బదులు నీళ్లు పట్టుకుంటాయి. 2025 జనవరి 7న ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర రాట్‌నెస్ట్ దీవి నుంచి లేవబోయిన సెస్నా కారవాన్ సీప్లేన్ అక్కడే నీళ్లల్లో కూలింది. ఏడుగురిలో ముగ్గురు పోయారు, వాళ్లలో పైలట్ ఒకరు. 2017 డిసెంబర్ 31న సిడ్నీ దగ్గర ఒక సీప్లేన్ లేచిన కొద్దిసేపటికే నీళ్లల్లో పడి ఆరుగురూ చనిపోయారు. దర్యాప్తుకి మూడేళ్లు పట్టింది. పైలట్ తప్పు కాదు, వాతావరణం కాదు. ఇంజిన్ పొగగొట్టంలో పగుళ్లు వచ్చి, కాక్‌పిట్‌కి అడ్డంగా ఉండే రేకుకి బోల్టులు లేకపోవడం వల్ల కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చి పైలట్‌ని మత్తులో ముంచింది. రెండు మూడు బోల్టులు. తఖ్దీర్ అని మన పెద్దవాళ్లు అంటారు, కాదనను. కానీ బోల్టు బిగించకపోవడం తఖ్దీర్ కాదు, నిర్లక్ష్యం.

ఇది మనకి ఇంకా దగ్గరికి వచ్చింది. 2024 నవంబర్ 9న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి మన నంద్యాల జిల్లాలోని శ్రీశైలానికి సీప్లేన్‌ని ప్రయోగాత్మకంగా నడిపారు. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు అందులోనే వచ్చారు. గుజరాత్‌లో 2020 అక్టోబర్ 31న సబర్మతి నుంచి పటేల్ విగ్రహం దాకా ఇట్లాంటి సర్వీసే మొదలుపెట్టి, కొన్ని నెలలకే ఆపేశారు. శ్రీశైలానికి వచ్చింది రెండింజన్ల ట్విన్ ఆటర్, మాల్దీవుల్లో తిరిగేది కూడా అదే రకం. ఒంటి ఇంజిన్ విమానంతో పోలిస్తే ఇది చాలా మేలు. కొండల మధ్య జలాశయంలో గాలి ఎట్లా తిరుగుతుందో నల్లమల తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు కాబట్టి, ఈ సర్వీసు రోజూ నడిస్తే ఏ గాలికి ఆపుతారు, ఎవరు ఆపమంటారు అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. ఈ ప్రశ్న అడగడం అభివృద్ధికి అడ్డం పడటం కాదు.

మరి మనం ఎక్కొచ్చా, ఎక్కకూడదా? ఎక్కొద్దని నేను చెప్పను. చూసి ఎక్కండి అంటాను. టికెట్టు కొనేముందు మనిషినీ సామానునూ తూకం వేస్తున్నారా చూడండి. "ఎంత ఉంటారు మీరు, డెబ్భై ఉంటారా?" అని నోటిమాటగా రాసుకుంటే అనుమానించండి, ఎందుకంటే మనలో చాలామంది పది కిలోలు తగ్గించే చెప్తాం. బరువు అడిగితే నిజం చెప్పండి, అక్కడ సిగ్గు పడొద్దు. గాలి ఎక్కువుందని పైలట్ ఆగుదాం అంటే "డబ్బు కట్టాం కదా" అని గొడవ పెట్టుకోకండి. ఆ పైలట్‌కి మనసులో షుక్రియా చెప్పి ఇంటికి రండి. ఒడిలో చంటిపిల్లను పెట్టుకుని ఎక్కేది ఉంటే, పిల్లకి వేరే బెల్టు ఇస్తారా అని అడగండి. కుదుపుకి అమ్మ చేతులు ఆపలేవు. బుర్ఖా, చీర కొంగు, దుపట్టా బెల్టు బకిల్‌లో ఇరుక్కోకుండా పెట్టుకోండి. ఎక్కగానే తలుపు ఎటు తీస్తారో ఒకసారి చేత్తో తాకి చూడండి. నీళ్లల్లో తలకిందులైతే కళ్లకి ఏమీ కనపడదు, చేతికి గుర్తుండాలి.

లైఫ్ జాకెట్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. విమానం లోపల దాన్ని ఊదకూడదు. 1996 నవంబర్ 23న హైజాక్ అయిన ఇథియోపియా విమానం పెట్రోలు అయిపోయి కొమొరోస్ దీవుల బీచ్ ఎదురుగా సముద్రంలో పడింది. ఒడ్డున టూరిస్టులు చూస్తుండగానే ముక్కలైంది. 175 మందిలో 125 మంది పోయారు. దెబ్బలు పెద్దగా తగలకపోయినా కొంతమంది లోపలే జాకెట్లు ఊదుకున్నారు, నీళ్లు రాగానే తేలి పైకప్పుకి అతుక్కుపోయారు, తలుపు దాకా మునిగి పోలేకపోయారు. బయటికి వచ్చాకే దారం లాగాలి. ఇంట్లో పిల్లలకి ఇది చెప్పండి, బడిలో చెప్పరు.

ఇంకొకటి, పాలసీ కాగితం. గల్ఫ్‌కి పోయేటప్పుడు ఏజెంటు చేయించే ట్రావెల్ ఇన్సూరెన్స్, ఇక్కడ మనం కట్టే యాక్సిడెంట్ పాలసీ రెండింటిలోనూ విమాన ప్రమాదం గురించి ఒక వాక్యం ఉంటుంది. మామూలుగా లైసెన్సు ఉన్న విమానంలో ప్రయాణికుడిగా పోతేనే వర్తిస్తుంది అని రాస్తారు. క్లబ్బు విమానంలో సరదాగా తిరగడం, నేర్చుకోవడానికి స్టీరింగ్ పట్టుకోవడం, గ్లైడర్, పారాసెయిలింగ్ లాంటివి చాలా పాలసీల్లో బయటే ఉంటాయి. సాహస క్రీడలకి వేరే ప్రీమియం కట్టాలి. పోయే ముందు ఆ వాక్యం ఏ పేజీలో ఉందో ఏజెంటుని అడిగి, వేలు పెట్టి చూపించమనండి.